ఆదిలాబాద్‌లో మన శాతం ఎట్లా తగ్గింది? పుట్టుకల లెక్క, వలసల లెక్క

  పోస్టు కొంచెం పొడుగున్నది. పరీక్షలు ఉన్నోళ్లు తర్వాత చదవండి, కానీ తప్పకుండా చదవండి.

పోయిన నెల మా దోస్తుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. "మన జిల్లాల మనమే తక్కువైనం. బయటోళ్లు ఎక్కువ కంటున్నరు, మనం తక్కువ కంటున్నం. ఇగ నుంచి ఇంటికి నలుగురు పిల్లలు ఉండాలె" అని. కింద వరుసగా చప్పట్ల బొమ్మలు. నర్సింగ్ చదువుతున్న మా చిన్నాయన బిడ్డ ఒక్కతే అడిగింది: "కనేది ఎవరన్నా? మీరా, మేమా?" ఎవరూ జవాబియ్యలే. నేనూ ఇయ్యలే.

ఆమెకు జవాబు చెప్పాలంటే ముందు ఇంకో సంగతి తేలాలి. మన వాటా నిజంగా తక్కువ కనడం వల్లనే తగ్గిందా? జనగణన లెక్కలు, హైమన్‌డార్ఫ్ పుస్తకాలు, మా గూడెం పెద్దమనుషుల మాటలు పక్కపక్కన పెట్టి చూసిన. నాకు తేలింది ముందే చెప్తున్నా. మన వాటాను తగ్గించింది వలస. ఆ వలసే తర్వాత పుట్టుకల లెక్కను కూడా మార్చింది. మనం మాత్రం వలసను మర్చిపోయి పుట్టుకల మీద పడ్డం. ఎట్లనో ఒక్కొక్కటి చూద్దాం.

1. రైలు రాకముందు

ఆదిలాబాద్ అంటే ఒకప్పుడు అడవి, నల్లరేగడి, దూరం దూరంగా గూడేలు. చాందా గోండు రాజుల పాలన, సిర్పూర్, మాణిక్‌గఢ్, ఉట్నూరు కోటల కథలు మనకు పెద్దలు చెప్పినవే. భూమికి కొదవ లేదు, మనుషులకే కొదవ. ఒక చోట నాలుగేండ్లు దున్ని, భూమి అలిసిపోతే ఇంకో చోటికి జరిగేవాళ్లు. పట్టా అనే కాగితం అవసరమే రాలేదు. తర్వాత మనల్ని ముంచింది కూడా ఆ కాగితం లేకపోవడమే.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నిజాం సర్కారు అడవికి గీతలు గీసి రిజర్వు చేసుడు మొదలుపెట్టింది. గీత లోపల ఉన్న గూడెం లేచిపోవాలి, పోడు ఆగిపోవాలి. గీత బయట ఉన్న మంచి భూమికేమో బయటి నుంచి వచ్చినోళ్లు తహసీల్ ఆఫీసులో పట్టాలు చేయించుకున్నరు. తరతరాలుగా దున్నినోడు ఒకడు, కాగితం మీద పేరు ఇంకొకడిది. కుమ్రం భీం కథలో కూడా ఇదే ఉన్నది. వాళ్ల కుటుంబం దున్నిన చేను మీద ఇంకొకరు పట్టా చూపించడంతోనే ఆ గొడవ మొదలైందని పెద్దలు చెప్తరు. జోడేఘాట్ చుట్టూ ఉన్న 12 గూడేల కోసం కొట్లాడి 1940లో భీం నేలకొరిగిండు.

ఆ పోరాటం తర్వాతనే సర్కారుకు సోయి వచ్చి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1943లో గోండు పిల్లలకు బడి తెరిపించి, మన వాళ్లకు వేల ఎకరాల పట్టాలు ఇప్పించే పనిలో పడ్డడు. భార్య బెట్టితో కలిసి ఆయన అక్కడ ఎట్లా బతికిండో మీకు తెలుసు, ఇద్దరి సమాధులూ మార్లవాయిలనే ఉన్నయి. ఇక్కడ మనకు కావల్సింది ఒక్క మాట. 1940లలో చూసిన గూడేలనే ఆయన 1970లలో మళ్లీ వచ్చి చూసిండు. 1982లో అచ్చయిన పుస్తకంలో ఆయన గోస పడ్డది మన పిల్లల సంఖ్య గురించి కాదు. రోడ్డు పడ్డ ప్రతి చోట బయటి జనం దిగి, మన భూమి చేతులు మారిన తీరు గురించి.

2. రైలు, బొగ్గు, కాగితం, పత్తి

వలస ఒక్క రోజున రాలేదు, ఒక్క దిక్కు నుంచి కూడా రాలేదు. నాలుగు తొవ్వలు చెప్పుకోవచ్చు.

మొదటిది రైలు. కాజీపేట నుంచి బల్హార్షా దాకా లైను 1929లో పూర్తయింది. పెద్దపల్లి, రామగుండం దాటి, గోదావరి దాటి, మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ రోడ్డు, సిర్పూర్ మీదుగా పోయింది. ఎడ్లబండి మీద వారం పట్టే తొవ్వ ఒక్క రాత్రికి వచ్చింది.

రెండోది బొగ్గు. రైలు వెనకనే బెల్లంపల్లిలో బాయిలు తెరిచిండ్రు. తర్వాత మందమర్రి, రామకృష్ణాపూర్ వచ్చినయి. గోదావరి అవతల 1960ల నుంచి గోదావరిఖని పెరిగింది. బాయి పనికి కరీంనగర్, వరంగల్, నల్లగొండ దిక్కు నుంచి వేల కుటుంబాలు వచ్చినయి. బొగ్గు మన అడవి కింద ఉన్నది, కానీ బాయిల పని మన వాళ్లకు దొరికింది చాలా తక్కువ.

మూడోది ఫ్యాక్టరీలు. సిర్పూర్ పేపర్ మిల్లు 1938లో పెట్టిండ్రు. కొత్తపేట అనే ఊరు కాగజ్‌నగర్ అయింది. మన వెదురు అక్కడ కాగితమైంది. అదే కాగితం మీద మన భూమి ఇంకొకరి పేరు మీదికి మారింది. మంచిర్యాలలో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది, 1980లలో రామగుండం కరెంటు వచ్చింది.

నాలుగోది నల్లరేగడి. మరాఠ్వాడా, విదర్భ దిక్కు నుంచి రైతులు పత్తి, జొన్న పండే భూమి వెతుక్కుంటూ వచ్చిండ్రు. వాళ్ల వెనక కోమట్లు, షావుకార్లు, దుకాణదార్లు వచ్చిండ్రు. ఇంద్రవెల్లి, జైనూరు, నార్నూరు, ఉట్నూరు సంతలు బజార్లయినయి. మా తాత చెప్పేవాడు: "మొదలు ఉప్పు అమ్ముతందుకు వచ్చిండు. రెండో ఏడు అప్పు ఇచ్చిండు. మూడో ఏడు చేను రాయించుకున్నడు." మూడేండ్లే పట్టిందో ముప్పై ఏండ్లు పట్టిందో కానీ, జరిగిన వరుస ఇదే.

ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. వచ్చినోళ్లందరూ దోచుకుందామని రాలేదు. బాయిలో దిగిన కరీంనగర్ కూలీ కూడా కరువుకు ఊరు విడిచినోడే. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసే లంబాడా తాండాలు రైలు వచ్చి ఆ యాపారాన్ని మింగినంకనే భూమి కోసం స్థిరపడ్డయి. వలస వచ్చినోడి కష్టం నిజం. మన భూమి పోయింది అనేదీ నిజం. ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధం కావాల్సిన పనిలేదు.

3. జనగణన ఏం చెప్తున్నది

పాత ఆదిలాబాద్ జిల్లా జనాభా 1961లో సుమారు 10.09 లక్షలు. 1971లో 12.88 లక్షలు, 1981లో 16.39 లక్షలు, 1991లో 20.82 లక్షలు, 2001లో 24.88 లక్షలు, 2011లో 27.41 లక్షలు. 1956లో కిన్వట్, రాజురా తాలూకాలు బొంబాయి రాష్ట్రంలోకి పోయినయి కాబట్టి అంతకు ముందటి లెక్కలతో పోల్చడం సరికాదు. అందుకే 1961 నుంచి మొదలుపెట్టిన.

ఇప్పుడు పెరుగుదల శాతాలు చూడండి. 1961 నుంచి 1971 దాకా జిల్లా దాదాపు 28 శాతం పెరిగింది, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మొత్తం 21 శాతమే పెరిగింది. తర్వాత పదేండ్లకు జిల్లా 27, రాష్ట్రం 23. ఆ తర్వాత జిల్లా 27, రాష్ట్రం 24. 1991 నుంచి 2001 దాకా జిల్లా 19.5, రాష్ట్రం 14.6. నలభై ఏండ్లు వరుసగా జిల్లా ముందట, రాష్ట్రం వెనక.

నేనొక లెక్క కట్టిన. 1961 నుంచి మన జిల్లా కూడా రాష్ట్రం పెరిగినట్టే పెరిగి ఉంటే 2001కి సుమారు 21.4 లక్షలు ఉండాలి. ఉన్నది 24.88 లక్షలు. తేడా మూడున్నర లక్షలు. ఈ తేడా మొత్తం వలసదే అని అనొద్దు, అడవి జిల్లాల్లో పుట్టుకలు కొంచెం ఎక్కువ కూడా ఉంటయి. కానీ బాయిలు, మిల్లులు, పత్తి భూములు తెరుచుకున్న కాలం, జిల్లా ఎగబాకిన కాలం ఒక్కటే కావడం ఊరికే జరిగింది కాదు. 2001 నుంచి 2011 దాకా చూస్తే జిల్లా పెరుగుదల 10 శాతానికి పడిపోయి రాష్ట్రంతో సమానమైంది. బాయిల్లో కొత్త కొలువులు ఆగినయి, ఖాళీ భూమి అయిపోయింది, వచ్చే జనం తగ్గిండ్రు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పదేండ్లలో జిల్లాలో షెడ్యూల్డు తెగల జనాభా 4.16 లక్షల నుంచి 4.95 లక్షలకు పెరిగింది. అంటే 19 శాతం. జిల్లా మొత్తం పెరిగింది 10 శాతం. మన వాటా దాదాపు 16.7 నుంచి 18 శాతానికి ఎక్కింది. వలస నెమ్మదించిన పదేండ్లల్ల మన వాటా పెరిగిందన్నమాట. "మనం తక్కువ కంటున్నం" అనే మాట ఈ ఒక్క లెక్క ముందు నిలబడదు.

ఇంకో రుజువు మ్యాపులోనే ఉన్నది. 2016 అక్టోబర్ 11న జిల్లాను నాలుగు చేసిండ్రు. 2011 లెక్కల ప్రకారం కొత్త ఆదిలాబాద్ జిల్లాలో తెగల వాటా దాదాపు 32 శాతం, కుమ్రం భీం ఆసిఫాబాద్‌లో 26 శాతం, నిర్మల్‌లో 11 శాతం, మంచిర్యాలలో 7 శాతం. రైలు లైను, బొగ్గు బాయిలు ఎక్కువున్న మంచిర్యాలలో మనం అందరికన్నా తక్కువ. మంచిర్యాల గోండు తల్లి ఉట్నూరు గోండు తల్లి కన్నా తక్కువ కన్నదా? కాదు. అక్కడ స్టేషన్ ముందు వచ్చింది.

4. వలస పుట్టుకల లెక్కను ఎట్లా మారుస్తది

ఇది కొంచెం నిదానంగా చదవండి. ఒక గూడెం అనుకుందాం, ఉత్తగ లెక్క కోసం. 100 ఇండ్లు, 500 మంది. ఏడాదికి 15 మంది పిల్లలు పుడుతున్నరు. అంటే వెయ్యి మందికి 30 పుట్టుకలు. రోడ్డు పడ్డది, 40 కొత్త కుటుంబాలు దిగినయి, 200 మంది. వలస పోయేది ఎవరు? ముసలోళ్లు ఊళ్లనే ఉంటరు, కొత్తగా పెండ్లయిన జంటలే కదులుతయి. కాబట్టి వాళ్లలో ఏడాదికి 8 మంది పుడతరు, అంటే వెయ్యికి 40. మొత్తం ఊరికి 700 మందికి 23 పుట్టుకలు, వెయ్యికి దాదాపు 33.

ఇప్పుడు చూడండి. ఊరి జననాల రేటు 30 నుంచి 33కి పెరిగింది. ఏ తల్లీ ఇంతకు ముందు కన్నా ఒక్క బిడ్డను ఎక్కువ కనలేదు. కొత్తగా వచ్చిన తల్లి కూడా తన జీవితంలో మన తల్లి కన్నంత మందినే కంటుండొచ్చు. వయసులో ఉన్నోళ్లు ఒక్క చోట చేరిండ్రు, అంతే. చూసేటోళ్లకు మాత్రం "వాళ్లు మస్తు కంటున్నరు" అని కనబడ్తది.

మన వాటా సంగతి? మొదలు 100 శాతం. ఇప్పుడు 700లో 500, అంటే 71 శాతం. పుట్టిన 23 మంది పిల్లలలో మనోళ్లు 15, అంటే 65 శాతం. రేపటి తరంలో వాటా ఇంకా తగ్గుతదని ఉయ్యాల ఇప్పుడే చెప్తున్నది, మనం ఒక్కరిని కూడా తక్కువ కనకుండానే.

ఇంకో చిక్కు ఉన్నది. వలస వచ్చినోళ్లను జనగణన "బయట పుట్టినోళ్లు" అని రాస్తది. వాళ్ల పిల్లలు ఇక్కడనే పుట్టిండ్రు కాబట్టి వాళ్లను స్థానికులుగా రాస్తది. అది న్యాయమే, వాళ్లు ఇక్కడి బిడ్డలే. కానీ లెక్కల పుస్తకంలో ఏమైతది? మొదటి తరంలో వలస అని రాసింది రెండో తరంలో పుట్టుక అని రాయబడ్తది. ఇరవై ఏండ్ల తర్వాత పుస్తకం తెరిచినోనికి వలస కనబడదు, పుట్టుకలే కనబడ్తయి. మన వాట్సాప్ మెసేజ్ రాసినాయన కూడా గదే చూసిండు.

సరే, పిల్లలను కని వాటా తిరిగి తెచ్చుకుందాం అనుకుందాం. పై గూడెంలో మనం మళ్లీ 90 శాతం కావాలంటే, వచ్చిన 200 మంది అట్లనే ఆగిపోయినా సరే, మనం 500 నుంచి 1800 కావాలి. ఏడాదికి 2 శాతం చొప్పున పెరిగితే 65 ఏండ్లు పడ్తది. రోడ్డు ఒక్క ఎండకాలంలో చేసిన పనిని ఉయ్యాల 65 ఏండ్లు చేయాలి. ఆ 65 ఏండ్లూ దున్నుకునే భూమి మాత్రం అంతే ఉంటది, తక్కువే ఉంటది.

5. భూమి పోతే పుట్టుక ఏమైతది

వలస పుట్టుకలను లోపలి నుంచి కూడా మారుస్తది. చేను పోయిన కుటుంబం కూలికి పోతది. తల్లి కడుపుతో ఉన్నా పత్తి ఏరుతది. వానకాలం జ్వరాలు వస్తయి, వాగు దాటలేక ఆస్పత్రికి పోలేని రోజులు మనకందరికీ తెలుసు. పిల్లలు దక్కరు. పిల్లలు దక్కనప్పుడు తల్లి ఇంకొకరిని కంటది, ఇంకొకరిని కంటది. మా పెద్దమ్మ ఆరుగురిని కన్నది. బతికి ఉన్నది ముగ్గురు. ఆమె పుట్టుకల లెక్కలో ఆరు, జనాభా లెక్కలో మూడు. ఎక్కువ కనడం బలమని ఎవరన్నా అంటే నాకు మా పెద్దమ్మ గుర్తొస్తది.

దేశం మొత్తానికి 2019 నుంచి 2021 మధ్య చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏడాది నిండకుండా చనిపోయే పిల్లలు వెయ్యికి 35 మంది. షెడ్యూల్డు తెగలలో దాదాపు 42 మంది. అదే సర్వేలో ఒక్కో తల్లికి సగటున పిల్లలు దేశంలో 2.0, తెగలలో 2.1. అంటే కనడంలో మనం ఎవరికీ తక్కువ లేము. దక్కించుకోవడంలో వెనక ఉన్నం. ఒక జాతి నిలబడాలంటే ముందు ఆ 42ను తగ్గించాలి. దానికి ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ, వాగు మీద వంతెన, ఇంట్లో తిండి కావాలి. తిండి అంటే మళ్లీ భూమే.

6. కాగితం మీద పుట్టిన జనం

ఇంకో లెక్క ఉన్నది, దీని గురించి మాట్లాడితే మనలో మనకే గొడవలైతయి. అయినా మాట్లాడుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగల జనాభా 1971లో 16.6 లక్షలు. 1981లో 31.8 లక్షలు. పదేండ్లలో దాదాపు రెండింతలు. ఏ జాతి తల్లులూ పదేండ్లలో ఇంత కనలేరు. 1976 సవరణ చట్టంతో తెలంగాణలోని లంబాడాలు జాబితాలోకి వచ్చిండ్రు, ముఖ్యంగా దానివల్ల లెక్క మారింది.

మహారాష్ట్రలో బంజారాలు ఆ జాబితాలో లేరు, అక్కడ వాళ్లను విముక్త జాతులు, సంచార తెగల కింద లెక్కిస్తరు. హద్దుకు అటు ఒక కాగితం, ఇటు ఒక కాగితం. హద్దు మీద ఉన్న జిల్లా కాబట్టి అటు నుంచి ఇటు జరగడానికి అదొక కారణమైంది. దీని మీద 2017లో మన జిల్లాలో ఎంత గొడవ జరిగిందో మీరందరూ చూసిండ్రు. ఆ తగవు ఇక్కడ తెగదు, నేను తెంచను కూడా. నేను చెప్పేది ఒక్కటే. జాబితా మారితే లెక్క మారుతది, హద్దు దాటితే లెక్క మారుతది. దాన్ని ఫలానా ఆడోళ్లు ఎక్కువ కంటున్నరు అని తిప్పి చెప్పొద్దు. తాండాల ఉన్నా గూడెంల ఉన్నా తల్లి తల్లే.

7. గోదావరి అవతల

ఇప్పుడు నది దాటి కరీంనగర్ పోదాం. అక్కడి కథ మన కథకు తలకిందులు. ఇక్కడికి జనం వచ్చిండ్రు, అక్కడి నుంచి జనం పోయిండ్రు. మొదలు బొగ్గు బాయిలకు, తర్వాత సిరిసిల్ల నేతన్నలు భీవండి, సూరత్‌కు, 1970ల నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల దిక్కు మగోళ్లు గల్ఫ్‌కు. ఊళ్లలో బీడీలు చుట్టే ఆడోళ్లు ఇల్లు నడిపిండ్రు. 2011లో పాత కరీంనగర్ జిల్లాలో వెయ్యి మంది మగోళ్లకు 1008 మంది ఆడోళ్లు. 2001 నుంచి 2011 దాకా జిల్లా జనాభా పెరిగింది 8 శాతమే.

అక్కడ పుట్టుకలు ఎందుకు తగ్గినయి? పై గూడెం లెక్కను తిరగేయండి. వయసు మగోళ్లు ఊళ్లో లేరు, భర్త రెండు మూడేండ్లకు ఒకసారి వస్తడు. కనే వయసు జంటలు కొన్ని పట్నాలకే పోయినయి. దానికి తోడు ఆడపిల్లల చదువు పెరిగింది, ఇద్దరు పుట్టంగనే ఆపరేషన్ చేయించుకోవడం ఊరంతా అలవాటైంది. వలస వచ్చిన చోట జననాల రేటు ఉబ్బుతది, వలస పోయిన చోట కుంగుతది. తల్లుల మనసు మారకున్నా లెక్క మారుతది. కరీంనగర్‌లో మనసు కూడా మారింది.

ఆ జిల్లాలో తెగల వాటా 3 శాతం లోపే. మహదేవ్‌పూర్, కాటారం అడవుల దిక్కు కోయలు, నాయక్‌పోడ్‌లు, ఎల్లారెడ్డిపేట దిక్కు తాండాలు. అక్కడి మన పిల్లలు ఈ గ్రూపులో కొద్దిమందే ఉన్నరు. మీ ఊళ్ల నుంచి ఎవరు ఎటు పోయిండ్రో రాస్తే మేము నేర్చుకుంటం.

8. ఇది మన ఒక్కరి కథ కాదు

త్రిపుర చూడండి. 1941లో అక్కడ తెగల వాటా సగం. తూర్పు బెంగాల్ నుంచి, దేశ విభజన తర్వాత ఇంకా ఎక్కువగా, శరణార్థులు వచ్చిండ్రు. 1981కి ఆ వాటా 28 శాతానికి దిగింది. నలభై ఏండ్లలో సొంత గడ్డ మీద సగం నుంచి నాలుగో వంతు దగ్గరికి. వచ్చినోళ్లు కూడా ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న జనమే. కొట్లాటలు అయినయి, రక్తం పారింది. చివరికి అక్కడి తెగలకు కొంత నిలువ నీడ దొరికింది స్వయంపాలన జిల్లా మండలి వల్ల, భూమి హక్కు వల్ల. ఎక్కువ మందిని కనడం వల్ల కాదు.

మనకు అట్లాంటి నీడ ఏమున్నది? 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్ ఉన్నది, 1963లో తెలంగాణకు వచ్చింది. 1970 సవరణ, మనం వన్ ఆఫ్ సెవెంటీ అనుకునేది, ఇంకా గట్టిది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనరాదు, ఇంకో గిరిజనేతరుని దగ్గర కూడా కొనరాదు. గిరిజనేతరుని చేతిలో భూమి ఉంటే అది గిరిజనుని నుంచి వచ్చిందనే చట్టం మొదలు అనుకుంటది, కాదని రుజువు చేసుకునే బాధ్యత వాళ్లది. చట్టం ఇంత గట్టిగా ఉన్నా భూమి పోయింది. బినామీ పేర్లు, నోటి కౌలు, తీరని అప్పు. ఆ కోపమే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లికి జనాన్ని తెచ్చింది. సర్కారు లెక్కలో ఆ కాల్పుల్లో చనిపోయింది 13 మంది, జనం లెక్కలో ఇంకా చాలా ఎక్కువ. ఆ రోజు వచ్చినోళ్లు అడిగింది భూమి పట్టాలు. మాకు పిల్లలు తక్కువున్నరని ఎవరూ అడగలేదు. వాళ్లకు రోగం ఏదో తెలుసు.

9. మన పని

జనగణన మళ్లీ వస్తున్నది, 2027 మార్చి 1 లెక్క. మన శాతం ఏందో రాసేది అప్పుడే. ఆ టైంలో పత్తి ఏరడానికో, మిర్చి ఏరడానికో వలస పోయిన మన కుటుంబాలు లెక్కకు దొరకకపోవచ్చు. ఎవరి గూడెంలో వాళ్లు ముందే జాబితా రాసి పెట్టుకోండి. కోలాం అయితే కోలాం అని, తోటి అయితే తోటి అని సరిగ్గా రాయించండి. మాతృభాష కాడ గోండి, కొలామి అని చెప్పండి. బడిలో తెలుగు చదివినం కదా అని తెలుగు అని రాయించకండి.

రెండోది, మీ ఊరి వలస చరిత్ర రాయండి. పట్లాను, దేవారిని, ముసలవ్వలను అడగండి. మొదటి దుకాణం ఏ యేడు వచ్చింది, రోడ్డు ఎప్పుడు పడ్డది, ఏ చేను ఎట్లా పోయింది, ఎంత అప్పుకు పోయింది. ఎవరినీ తిట్టడానికి కాదు. రేపు భూమి కేసు నడిచినప్పుడు ఆ మాటలే ఆధారమైతయి. ఆ ముసలోళ్లు పోతే ఆ లెక్క ఏ జనగణనలోనూ దొరకదు.

మూడోది, మా చెల్లె ప్రశ్న. "కనేది ఎవరన్నా?" అని అడిగింది కదా. అందరి ముందర ఇప్పుడు జవాబు చెప్తున్నా. భూమి పోయింది రిజిస్టర్ ఆఫీసుల, షావుకారి పద్దుల, అడవి గీతల కాడ. ఆ కాడ కొట్లాడలేక ఆ బరువు మీ కడుపు మీద పెట్టడం మాది తప్పు. నువ్వు ఎందరిని కంటవో, ఎప్పుడు కంటవో, అసలు కంటవో లేదో నీ ఇష్టం. నువ్వు నర్సువై మన దిక్కు ఒక్క పీహెచ్‌సీలో నిలబడి వాగు అవతలి పిల్లలను దక్కించినా, ఆ మెసేజ్ అడిగిన దానికన్నా ఎక్కువ మందిని జాతికి ఇచ్చినట్టే.

నా లెక్కలో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంట. మీ గూడెంలో రోడ్డు ఏ యేడు పడ్డదో, పడ్డంక ఎన్ని కొత్త ఇండ్లు లేచినయో కింద రాయండి. అందరివీ కలిపి ఒక్కచోట పెడదాం.

జై జంగో, జై లింగో. జోహార్ కుమ్రం భీం.